సర్వర్ మీద బరువు

ఇతరులు ముట్టిన కీబోర్డును డెటాల్ గుడ్డతో తుడవనిదే నీరజ ముట్టదు. ఆమె కంప్యూటర్లు చూసుకునే సూరత్ దగ్గరి కడోదరా చీరల మిల్లులో ఆ పొద్దున సర్వర్ కీబోర్డు మీద గుట్కా తుంపర్లున్నాయి. సర్వర్ మీద భారం తొంభై తొమ్మిది శాతం దగ్గర ఇరుక్కుని, డిజైన్లు రాక మగ్గాలు ఆగిపోయాయి. సాయంత్రంలోగా కారణం తేల్చకపోతే పనిలోంచి తీసేస్తానన్నాడు మిల్లు యజమాని సేఠ్. ఆమె కీబోర్డు తుడిచి, ఏ ప్రోగ్రాం ఎంత భారం వేస్తోందో చూపే టాప్ కమాండ్ కొట్టింది. అన్నిటికన్నా పైనున్న ప్రోగ్రాం పేరు చూస్తే సిస్టమ్‌దే అనిపించింది కానీ, అది నడుస్తున్నది మేనేజర్ సోమలింగం ఫోల్డర్‌లోంచి. దొంగచాటుగా క్రిప్టో కాయిన్లు తవ్వుతోంది. ఆపితే నిమిషంలో మళ్లీ లేచింది; అలా నిమిషనిమిషానికీ లేపమని, వేళకు పనులు నడిపే క్రాన్ పట్టికలో రాసిపెట్టి ఉంది.

"జర చూడనట్టుండు బిడ్డా, మనం ఒక్క ఊరోళ్లం. నీకూ వాటా ఉంటది," అన్నాడు సోమలింగం, ఆమె వెనక్కి వచ్చి గుట్కా నములుతూ.

నీరజ కుర్చీ దూరంగా జరుపుకుంది. "పొద్దుగాల సేఠ్ నన్ను తిడుతుంటే యాదికి రాలేదా కాకా, ఊరు?"

క్రాన్‌లో ఆ లైను కొట్టేసి, ప్రోగ్రాం ఆపింది. సోమలింగం ఫోల్డర్‌లోని ఫైలు మాత్రం సాక్ష్యంగా ఉంచి, సేఠ్‌ను పిలిచింది. ఆయన వచ్చేసరికి సర్వర్ మీద భారం నాలుగు శాతానికి దిగింది.