నాయన చెయ్యి కనపడని పాఠాలు

పరాశర్ శ్రీ సిటీలో ఒక ఫ్యాక్టరీ కంప్యూటర్లు చూసుకుంటాడు. అక్కడ ఏ మిషను మొండికేసినా అతన్నే పిలుస్తారు. ఇంట్లో మొండికేసిన మిషను మాత్రం అతని మాట వినలేదు.

వాళ్ల నాయన శ్రీమన్నారాయణ గారు తిరుపతిలో నలభై ఏళ్లు ఆళ్వార్ల పాశురాలు నేర్పిన మనిషి. పోయిన ఆషాఢంలో పక్షవాతం వచ్చి కుడిచెయ్యి, మాట రెండూ పడిపోయాయి. అదృష్టం కొద్దీ కరోనా రోజుల్లోనే ఆయన కెమెరా ముందు కూర్చుని రెండు వందల నలభై పాఠాలు చెప్పి పెట్టారు. పరాశర్ వాటిని పాత కంప్యూటర్లోకి ఎక్కించి, దాన్నే సర్వరుగా చేసి దేవుడి గది పక్కన పెట్టాడు. పూతలపట్టు, ఐరాల, ఇంకా చుట్టుపక్కల ఊళ్ల నుంచి పన్నెండు మంది శిష్యులు పొద్దున ఆరింటికి ఫోన్లలో ఒకేసారి పాఠం తెరుస్తారు. ఇంట్లో టీవీలోనూ అదే పాఠం. గ్రూపు కాల్లో శిష్యుల గొంతులు వింటూ పెద్దాయన కుర్చీలో కూర్చుంటారు. ఆ గంట కోసమే ఆయన బతుకుతున్నారు.

సరిగ్గా ఆ గంటలోనే సర్వరుకు ఆయాసం వచ్చేది. పాదం సగంలో వీడియో ఆగి, తెర మధ్య చక్రం తిరిగేది. పెద్దాయన ఎడమచేత్తో కుర్చీని దబదబా కొట్టేవారు.

పరాశర్ రోగం కనిపెట్టాడు. ఆ పాత కెమెరా ఫైళ్లు ఫోన్లకు నేరుగా పడవు. అడిగిన ప్రతి ఫోనుకూ సర్వరు అప్పటికప్పుడు ఫోన్లో ఆడే రూపంలోకి మార్చి పంపాలి, ఒక్క పెనం మీద పన్నెండు మందికి విడివిడిగా దోసెలు పోసినట్టు. అన్నిటినీ ఒకేసారి ముందే మార్చి పెట్టుకుంటే, అడిగినవాళ్లకు ఉన్నది ఉన్నట్టు పంపడమే. మందు సరైనదే. అక్కడితో ఆగి ఉంటే ఈ కథే లేదు. డిస్కులో చోటు లేదు గనక, ఒక్కో ఫైలు మారగానే దాని పాతది చెరిపేయమని మిషనుకు చెప్పాడు. ఇంకో కాపీ ఉంచుకోండని ఫ్యాక్టరీలో అందరికీ బుద్ధులు చెప్పేది ఇతనే. పైగా, శబ్దం లేని భాగాలను కత్తిరించే మీట ఒకటి కనపడితే దాన్నీ నొక్కాడు. ప్రతి పాఠంలో మూడింట రెండొంతులు నాయన నోరు మూసుకునే ఉన్నారు, ఖాళీయే కదా అనుకున్నాడు.

మూడో రోజు పొద్దున వీడియో ఏరులా సాగింది. చక్రం లేదు. పరాశర్ కాఫీ గ్లాసు పట్టుకుని నాయన వైపు గర్వంగా చూశాడు. అంతలో పూతలపట్టు శిష్యుడు ఋత్విక్ గొంతు ఫోన్లో వినపడింది.

"అన్నా, వీడియో బాగనే పోతా ఉండాది. మేం చెప్పేదానికే సందు లేదు. స్వామి ఊపిరి తీసుకోకుండా చెప్పుకుంటా పోతా ఉండారు."

ఈ పాఠాలు సంత పద్ధతివి. సంత అంటే గురువు ఒకసారి చెప్పడం, శిష్యులు రెండుసార్లు చెప్పడం. వాళ్లు చెప్పేటప్పుడు వీడియోలో ఆయన నోరు కదలదు, కుడిచెయ్యి కదులుతుంది. చెయ్యి లేస్తే స్వరం లేవాలి, దిగితే దిగాలి, వేళ్లు ముడిస్తే అక్కడ ఊపిరి. మిషనుకు చెవులే గానీ కళ్లు లేవు. చెయ్యి ఆడిన చోట్లన్నీ ఖాళీ అని కోసి పారేసింది. పద్నాలుగో ఏట సంత ఎగ్గొట్టి పారిపోయిన పరాశర్‌కు ఆ సంగతి తట్టనే లేదు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది.

సెలవు పెట్టి, డిస్కు పట్టుకుని ఊరంతా తిరిగాడు. "పాతవాటి మీదనే కొత్తవి రాసేసినావప్పా. ఇంక రావు" అన్నాడు డిస్కులు బాగుచేసే అమర్‌నాథ్. ఆ కొట్టు మెట్ల మీదే కూర్చుని పరాశర్ ఏడ్చాడు. ఇంటికొచ్చి, శిష్యులు చెప్పేందుకు సందుండాలని పాదానికీ పాదానికీ నడుమ నల్లటి ఖాళీలు అతికించాడు. చూపించే చెయ్యి లేక శిష్యులు తలా ఒక స్వరం పట్టారు. పెద్దాయన కుర్చీని కొట్టడం కూడా మానేశారు. రెండు రోజులు అన్నం ముట్టలేదు.

"నాయన గొంతన్నా మిగిలి ఉండాది కదమ్మా" అన్నాడు తల్లి పెరుందేవితో.

"ఆయన చెప్పేది తక్కువరా, వినేదే ఎక్కువ. నీకు ఖాళీగా కనపడినాది. ఆయనకు అదే పని" అందామె. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

మర్నాడు పరాశర్ కెమెరా తెచ్చి కుర్చీ ముందు నిలబెట్టాడు. మొదటి పాఠం మొదటి పాదం వినిపించి ఆపాడు. "నాయనా, ఎడమచేత్తో సూపించు" అని బతిమాలాడు. పెద్దాయన కదలలేదు. తిరిగి చెప్పేవాడు లేకుండా చెయ్యి ఎవరికోసం ఎత్తుతారు? అది అర్థం కావడానికి పరాశర్‌కు కాసేపు పట్టింది. నేల మీద కూర్చుని, ఎప్పుడో వదిలేసిన ఆ పాదాన్ని తనే అన్నాడు. స్వరం తప్పింది. అప్పుడు ఎడమచెయ్యి మెల్లగా లేచింది. తప్పిన చోట ఆగి, రెండు వేళ్లు చూపింది. రెండోసారి చెప్పమని.

ఆ రోజు మూడు పాఠాలు అయ్యాయి. నాలుగో పాఠం నడుమ చెయ్యి అలిసి ఒళ్లో పడిపోయింది, ఆ పూటకు మళ్లీ లేవలేదు. ఆయన కళ్లు మాత్రం కొడుకు నోటి మీదే ఉన్నాయి. ఆ చెయ్యి కూడా ఇంకెన్నాళ్లు లేస్తుందో డాక్టరే చెప్పలేకపోయాడు. పరాశర్ కెమెరా ఆపకుండా ఆ పాదం రెండుసార్లూ చెప్పాడు.

పాఠాన్ని సర్వరులోకి ఎక్కించేటప్పుడు, చెయ్యి లేవని ఆ నిమిషాన్ని అతను ముట్టుకోలేదు. అలాగే ఉంచాడు.