కైనేజ్ సంగతి చెప్పిన మా బిడ్డ

మా చెల్లెలి బిడ్డ పోయింది. వాకిట్లో మక్కలు ఎండబోస్తుంటే దవాఖాన నుంచి ఫోన్ వచ్చింది. ఫోన్ మోగితేనే గుండె జారే మనిషిని నేను. ఆ రోజు మాత్రం మామూలు ఫోనే అనుకుని ఎత్తాను.

తల్లి పోయినప్పటి నుంచి ఆర్మూర్‌లో మా ఇంట్లోనే పెరిగింది. నన్ను పెద్దమ్మా అనేది. పెద్దయ్యాక హైదరాబాద్‌లో ఏదో ల్యాబులో పనికి కుదిరింది. “మీ బిడ్డ మోకాళ్ల నొప్పులకు మందిస్తదా?” అని ఇరుగుపొరుగు అడిగితే ఏం చెప్పాలో నాకు తెలిసేది కాదు.

ఒక శుక్రవారం గడపకు పసుపు రాసి కుంకుమ బొట్లు పెడుతూ, నువ్వు చేసే పనేమిటని అడిగాను. పక్కనే కూర్చుని చెప్పింది. మన ఒంట్లో ప్రతి కణంలోనూ ఆర్‌ఎన్‌ఏ అనే పోగు ఉంటుందట. అది మొదట పొడుగ్గా తయారవుతుంది. అక్కరలేని ముక్కలు కోసేసి మిగిలినవి అతకాలి. ఆ పని చేయించే ప్రొటీన్లు వేరే ఉన్నాయట.

“గా ప్రొటీన్లకు తోకలుంటయి పెద్దమ్మా. నీ కడప లెక్కనే, ఒకటే తీరు గుర్తులు మళ్లమళ్ల వస్తయి. కైనేజ్ అనే ఇంకో ప్రొటీన్ గా తోకను గుర్తువట్టి, గట్టిగ పట్టుకోని, చెయ్యి ఎత్తకుండ ఫాస్ఫేట్ అనే బొట్లు పెట్టుకుంట పోతది. బొట్లు పడ్డంకనే గవి కణం నడింట్లకు పోయి పనికి దిగుతయి.”

“ఎక్కువ పెడితే?”

“పని ఆగుతది.”

“తక్కువైతే?”

“గప్పుడు గూడ పని పాడైతది. ఇగో, ఫికర్ చేసెతందుకు నీకు ఇంకోటి దొరికింది,” అని నవ్వింది.

నా భయాలను ఎప్పుడూ కసురుకోలేదు. “భయాన్ని పక్కకు కూసోబెట్టుకోని పని చేసుకోవాలె పెద్దమ్మా. అది పొమ్మంటే పోదు,” అనేది.

తర్వాత దానికే రక్తంలో జబ్బు వచ్చింది. ఇంటికి తెచ్చుకున్నాను. నీ పనితో నీకు మందు దొరకదా అని అడిగితే, “నాకు దొరకది. ఎన్నడో, ఎవ్వరికో,” అంది. ల్యాబులో ఇంకొక్క పరీక్ష మిగిలిందట. కైనేజ్‌లో ఆ తోకను పట్టుకునే చోటు తీసేస్తే అప్పుడూ బొట్లు పెడుతుందా, లేదా? అది చూడడానికి హైదరాబాద్ పోతానంది.

“బస్సుల దగ్గేటోళ్లు ఉంటరు బిడ్డా. నీ ఒంట్ల బలం లేదు.”

“మాస్క్ పెట్టుకుంట. చూడకుంట పండుకుంటే నాకు నిద్ర పట్టది.”

దాని ముఖం చూసి ఇక అడ్డం చెప్పలేకపోయాను. సద్ది కట్టి, బస్టాండ్ దాకా పోయి ఎక్కించి వచ్చాను. పరీక్ష అయిందని అది ఫోన్ చేసేదాకా ఫోన్ చేతిలోనే పట్టుకుని తిరిగాను.

“పట్టుకునే చోటు తీసేసినా బొట్లు పెడుతనే ఉంది పెద్దమ్మా. వరుస తప్పింది, గంతే.”

“గది మంచిదా, చెడ్డదా?”

“నిజం.”

ఆ గొంతులో అంత నెమ్మది జబ్బు వచ్చినప్పటి నుంచి నేను వినలేదు.

తిరిగొచ్చిన రోజు, ఇంకా దవాఖానలో చేర్చకముందు, వాకిట్లో మంచం వాల్చుకుని ఎండలోనే నిద్రపోయింది. అన్నం కూడా తినలేదు. లేపుదామని దగ్గరికి పోయి, మనసొప్పక కింద కూర్చున్నాను. రోడ్డు మీద లారీలు పోతున్నాయి. దుప్పటి కదులుతోందా లేదా అని చూశాను. సన్నగా లేచింది, దిగింది. దుప్పటి మళ్లీ లేచేదాకా ఊపిరి బిగబట్టుకుని చూస్తూ ఉన్నాను.