సిగ్నల్ లేదని చెప్పిన మూడు రోజులు

బొగ్గు గనిలో నలభై ఏళ్లు చేశానని ఎవరడిగినా చెబుతుంటాను. నిజానికి ముప్పై ఒకటి. అందులోనూ ఎక్కువ కాలం భూమి పైనే, గేటు దగ్గర టోకెన్లు చూసి మనుషులను లోపలికి వదిలే పని. రిటైరయ్యాక కంప్యూటర్ సొంతంగా నేర్చుకున్నానని కూడా చెబుతాను. కొత్తగూడెంలో ఒక సెంటర్లో ఏడాది పాటు బెంచీ మీద కూర్చున్న సంగతి చెప్పను.

ములకలపల్లి దాటాక అడవి అంచున ఒక చిన్న బడి ఉంది. అక్కడ కోయ పిల్లలకు వాళ్ల భాషలోనే పాఠాలు చెప్పే టీచరమ్మది కాంట్రాక్టు కొలువు. ఊళ్లోని పెద్దవాళ్ల చేత చెప్పించి ఆమె తీసిన వీడియో పాఠాల కోసం మేం నలుగురు రిటైరైనవాళ్లం ఒక సైటు నడుపుతున్నాం. సైటు ఒక సర్వర్లో ఉంటుంది, వీడియోలు ఖమ్మంలో ఇంకో సర్వర్లో. ఒక ఆదివారం నాకు బుద్ధి పుట్టి, పాస్‌వర్డ్ కొడితే తప్ప వీడియోలు రాకుండా మార్చాను. మార్చాక ఆడించి చూడలేదు.

సోమవారం ఆమె ఫోన్ చేసింది. పాఠాలు రావడం లేదు, గురువారం ఆఫీసరు వచ్చి అవి చూసి, వచ్చే ఏడాదికి తనను ఉంచాలో వద్దో రాసుకుపోతాడు. మీ దగ్గర సిగ్నల్ లేదమ్మా అన్నాను. మంగళవారం ఇంకాస్త పెంచాను. టవరు పాడైందన్నాను, పైగా ఎవరో మన సర్వర్ మీద దాడి చేస్తున్నారని, స్క్రీన్ నిండా ఎర్ర అక్షరాలని, రాత్రింబవళ్లు పోరాడుతున్నానని చెప్పాను. ఎర్ర అక్షరాలు నిజమే. ఇంగ్లీషులో రెండు వరుసలు. మోకాళ్లు నొప్పి, కళ్లు మంట; చదవకుండానే మూసేసి పడుకున్నాను.

బుధవారం సాయంత్రం ఆమె బడి నుంచి నడిచి మెయిన్ రోడ్డు దాకా వచ్చి చేసింది.

"తాతా, ఈడ సిగ్నల్ నిండ ఉంది. సినిమాలు ఆడుతున్నయి, మన పాఠాలే ఆడ్తలేవు. ఆ ఎర్ర అక్షరాలల్ల ఏం రాసుందో జెర చదువుండ్రి."

కళ్లద్దాలు పెట్టుకుని ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదివాను. సగంలోనే అర్థమైంది. వీడియోలున్న చోటు వేరు కాబట్టి, ఈ సైటును రానివ్వచ్చా అని బ్రౌజర్ అక్కడి సర్వర్‌ను అడుగుతుంది. రానివ్వాల్సిన సైట్ల జాబితా ఒకటి అక్కడ ఉంటుంది, అందులో మా సైటు పేరు రాయడానికి బద్ధకించి ఎప్పుడో ఒక నక్షత్రం గుర్తు పెట్టాను, ఎవరైనా రావచ్చని. లాగిన్ లేనన్నాళ్లూ అది చెల్లింది. లాగిన్‌తో వచ్చేవాళ్లకు అది చెల్లదు, సైటు పేరు రాసి ఉండాల్సిందే. నంబరు లేని టోకెనుతో ఒక్కణ్ణీ లోపలికి వదలని మనిషిని, ఈ ముక్క నాకు తట్టలేదు.

నక్షత్రం తీసి మా సైటు పేరు రాశాను. లాగిన్‌ను ఒప్పుకోమని ఇంకో వరుస చేర్చాను. పావుగంట పని. ఆమె రోడ్డు మీదే నిలబడి ఉంది. అవతలి నుంచి పాఠం చెప్పే ముసలాయన గొంతు వినిపించింది.

"వచ్చింది తాతా," అంది. పాఠం ఆపేసి, "రేపు రావాల్సిన ఆఫీసరు ఇయ్యాల్నే వచ్చిపోయిండు. పాఠాలు పనిచేస్తలేవని రాసుకుండు."

ఆఫీసరుకు చూపించడానికి, తప్పు ఎవరిదో కాగితం మీద రాసిమ్మని అడిగింది. మర్నాడు ఆమె మా ఇంటికి వచ్చేసరికి రెండు పేజీలు సిద్ధం చేశాను. అందులో ప్రపంచంలోని భద్రతా నియమాలన్నీ ఉన్నాయి, వాటితో నా పోరాటం ఉంది. ఆమె నిలబడే చదివింది.

"ఇది చూస్తే మీకు శాలువా కప్పుతరు తాతా. నా కొలువు పోతది."

మళ్లీ కూర్చున్నాను. ఈసారి నాలుగు వాక్యాలు. మార్చింది నేను, సరిచూడనిది నేను, మూడు రోజులు సిగ్నల్ లేదని అబద్ధం చెప్పింది నేను, టీచరమ్మ తప్పేమీ లేదు. అంత చిన్న కాగితం రాయడానికి ఒళ్లంతా అలిసిపోయింది.

ఆమెను ఉంచారు. నా ఉత్తరం వల్లేనని మావాళ్లందరికీ చెప్పుకున్నాను. కానీ ఆమె మండలాఫీసుకు వెళ్లి బతిమాలితే ఆఫీసరు మళ్లీ వచ్చాడట, పిల్లలు పాఠం వింటుంటే చూసి తన రాతను తనే కొట్టేశాడట. నా కాగితం అడగనే లేదు. అది ఆమె సంచిలోనే ఉంది.