చెయ్యి చూసి తీసిన తొడుగు

మా వియ్యంకుడు పరమపదించి నేటికి నెల. తొలి మాసికంనాడు పెట్టే పిండోదకాలు పోయినవారికి చెందుతాయని శాస్త్రం. వారి గుణాలు మాత్రం బతికున్నవారికి చెందాలని నా మనవి. షార్జా నుంచి మా అమ్మాయి ఫోన్ చేసి, మామగారు నిద్రలోనే వెళ్లిపోయారని చెప్పిన ఉదయం, బర్ దుబాయ్‌లో మా అబ్బాయి ఇంట నేను సంధ్య వారుస్తున్నాను. ఆచమనానికి తీసుకున్న నీరు అరచేతిలోనే ఉండిపోయింది.

వారిది గోదావరి సీమలో గాజులమ్మిన ఇల్లు. ఇక్కడ తుపాకీ గురి సాధన చేసే ఒక షూటింగ్ క్లబ్బులో ఆయుధాల గది చూసేవారు. సెలవునాడు భోజనానికి కూర్చుంటే, "బావగారూ, మీ పద్యాలకు అంచులెక్కువ. తొడుగెయ్యకపోతే మా చెవులు తెగుతాయి" అనేవారు. నేనొక సమాసం విసిరేలోగా కంచంలో మరో గరిటె పప్పు పడేది.

తొడుగులు ఎంచడం వారి ఉద్యోగంలో భాగం. తుపాకీ గొట్టం చుట్టూ, ఎడమచెయ్యి పట్టేచోట లోహపు కవచముంటుంది. దాని పొడవునా, దీపం వంటివి బిగించడానికి, రంపపు పళ్లలాంటి పట్టీలుంటాయి. ఏమీ బిగించనిచోట అవి అరచేతిని కోస్తాయి. వరుసగా పేలిస్తే కాలుస్తాయి. అందుకే వాటికి రబ్బరు తొడుగులు. పూర్వం విలుకాండ్రు అంగుళిత్రాణాలు ధరించేవారని నేనంటే, "అప్పుడు చేతికి కట్టారు, ఇప్పుడు కోసేదానికే కడుతున్నాం" అని నవ్వారు.

ఆ క్లబ్బులో సహాయకురాలి పని కోరి, కోనసీమ నుంచి వచ్చిన ఒకామె పరీక్షకు నిలిచింది. అంతవరకు ఒక ఇంట పనిమనిషి. పాత్రలు తోమే మందులకు అరచేతులు పగిలి ఉండేవి. తుపాకీ స్థిరంగా పట్టి అతిథులకు చూపడమే పరీక్ష. నెగ్గకపోతే మళ్లీ ఆ ఇంటికే. మా వియ్యంకుడు జాలిపడి, ఎంత మందమైతే అంత రక్ష అనుకొని, తుపాకీకి దళసరి పలకల తొడుగులు వేయించారు. పరీక్షలో ఆమె వేళ్లు చుట్టూ అందలేదు. గుండ్లు లేని తుపాకీ జారి బల్లమీద పడింది.

"ఫిర్ ఏక్ బార్ గిరా తో ఖలాస్" అన్నాడు ముదీర్, అంటే అక్కడి పైఅధికారి. మరొకసారి జారితే పని లేనట్టే.

ఆ వారం మా ఇంట అన్నం కలుపుతూ వియ్యంకుడు ఆగిపోయారు. "తప్పు నాదే బావగారూ. మా అమ్మ ముందు చెయ్యి నొక్కి చూసేది, తర్వాతే గాజు తీసేది. నేను తుపాకీని చూసి తీశాను. ఇంట్లో పుట్టిన విద్యే మరిచాను."

మర్నాడు ఆమెను కూర్చోబెట్టి, బొటనవేలు లోనికి మడిచి, అరచెయ్యి నొక్కి చూశారట.

"ఏంటి బాబాయ్, గాజులేయిస్తారేంటి నాకు?"

"ఏయిస్తానమ్మా, రబ్బరు గాజులు. చెయ్యి బిగబట్టకు."

ఆ లోహపు పళ్ల సందుల్లో దిగిపోయే పలుచని, నిచ్చెనలాంటి రబ్బరు పట్టీలు తెప్పించారు. ఆమె చెయ్యి ఆనేమేరకు కత్తిరించి కిందా పక్కలా అమర్చారు. పైన గురిచూసే సాధనానికి చోటు వదిలారు. "తడిచేత్తో పట్టు. ఈ ఎండలో చెమటపట్టని చెయ్యి లేదు" అన్నారు. పలుచనైతే వేడి తగులుతుందేమోనని ఆమె సందేహించింది. "కొంచెం తగలాలమ్మా. వేడెక్కిందని చేతికి తెలియొద్దూ?"

రెండోసారి తుపాకీ జారలేదు. ఆమె ఆ ఇంటికి తిరిగి వెళ్లలేదు.

దహనమైన మర్నాడు ఆమె మా అమ్మాయిని పరామర్శించ వచ్చింది. "మా నాన్న పోయినప్పుడు ఊరెళ్లలేకపోయానండి. ఇప్పుడు ఇద్దరికీ కలిపి ఏడుస్తున్నాను" అంది. ఇంతలో క్లబ్బు నుంచి ఫోన్. కొంగుతో కళ్లొత్తుకొని, మెట్లు దిగుతూ అంటోంది: "యల్లా, వచ్చేస్తున్నా. కొత్తావిడకి ఆ దళసరివి మాత్రం ఇయ్యకండి. నేనొచ్చి చెయ్యి చూస్తాను."

కింద ఎండలో క్లబ్బు బండి ఆగి ఉంది. ఆమె ఎక్కింది.

పరుల కొరకు ఎంచవలసివచ్చిన వారందరికీ ఆ చూపు కలుగుగాక. పొట్టకూటికై ఏది పట్టినా, వెనుక వచ్చేవారి చేతులు క్షేమంగా ఇల్లు చేరుగాక.