అంచు నాడె దగ్గర ఆగిన ఇంటర్న్‌షిప్

సునీత ఫోన్ చేయకపోతే ఈ మండుటెండల్లో నేను ధర్మవరం దారి పట్టేదాన్ని కాదు. మానవ హక్కుల సంస్థల్లో ఇంటర్న్‌షిప్ చేసే యూనివర్సిటీ విద్యార్థుల కోసం మేం పాత విద్యార్థులం కొందరం చిన్న సహాయ నిధి నడుపుతున్నాం. జీతం లేని ఇంటర్న్‌షిప్ కలిగినవాళ్ళ పిల్లలకే చెల్లుతుందని మాకు అనుభవమే. ఈసారి ధర్మవరానికి చెందిన లా విద్యార్థిని సునీతను ఎంపిక చేశాం. విజయవాడలో రెండు నెలలు, కూలీల కేసుల పని. సోమవారం చేరాలి. గురువారం ఫోన్ చేసి, "నేను రాలేనక్కా. ఆ డబ్బులు ఇంగెవరికన్నా ఇయ్యండి" అని పెట్టేసింది.

మర్నాడు పొద్దున ఏడింటికి హిందూపురంలో పెనుకొండ బస్సెక్కాను. "యాడికమ్మా? ఆధార్ ఉండాదా?" అంటూ కండక్టర్ సున్నా టికెట్టు చేతిలో పెట్టాడు. ఆడవాళ్ళకిప్పుడు బస్సు ఉచితం, మగవాళ్ళకైనా టికెట్టు వంద లోపే. గంట దాటాక పెనుకొండలో దిగితే, అక్కడ వకీలుగా ఉన్న రఫీ అన్న ఉగ్గాని, బజ్జీ తినిపించాడు. నిధి ఖర్చులకు ఆయన ఒప్పుకోవాలి. "పిల్ల భయపడిందేమో, ధైర్యం చెప్పు. కాదంటే సాయంత్రానికి ఇంగొకరి పేరు తీసుకుందాం" అన్నాడు. నాకూ భయమే కారణమనిపించింది. ఊరికే అనుకోవడానికి ఏం పోయింది!

పెనుకొండ నుంచి ధర్మవరానికి మరో గంటంబావు. బస్టాండు నుంచి ఆటోలో వెళ్ళి, సందు మొదట్లో దిగి నడిచాను. ప్రతి ఇంట్లోంచీ మగ్గం చప్పుడే. సునీత వాళ్ళ నాయనకు చూపు తగ్గి మగ్గం దిగాడట, ఇప్పుడు అమ్మ లక్ష్మీదేవి నేస్తోంది. ఎర్రటి పట్టుచీర సగానికి వచ్చింది. పక్కనే కూర్చుని సునీత అంచు పోగు చుట్టిన నాడెను అటూ ఇటూ విసురుతోంది. రంగు వేరుగా ఉండే అంచుకు ఇలా రెండో మనిషి కావాలి.

"ఎందుకు రానంటున్నావు?" అని అడిగాను. సునీత నాడె ఇంకోసారి విసిరింది.

"దాన్నేమనాకమ్మా," అంది లక్ష్మీదేవి. "నేను పో అనే అన్న్యా. అదే పోనంటాది."

"మనిషిని పెట్టుకోండి. కూలి మేమిస్తాం."

"సగం చీరలో చెయ్యి మారిస్తే అంచు చెప్పేస్తాది తల్లీ. పెండ్లి చీర ఇది. షావుకారు వద్దని వెనక్కిస్తే మేం యాడికి పోవల్ల?"

అప్పుడు తెలిసింది మా తెలివి. కాలేజీ సెలవులు చూసి తేదీ పెట్టాం. ఆ సెలవులే పెళ్ళిళ్ళ కాలం, ధర్మవరంలో మగ్గం ఆగని కాలం. మాలో ఎవరికీ ఆ ఆలోచనే రాలేదు.

గుమ్మంలోకొచ్చి రఫీ అన్నకు ఫోన్ చేశాను. "ఈ చీర అయ్యేదాకా ఆగమని సంస్థను అడుగన్నా. ఆ తర్వాత కొత్త చీరకు సునీత బదులు కూచునే మనిషి కూలి మన నిధి నుంచే ఇద్దాం."

"మగ్గం కూలి ఇంటర్న్‌షిప్ ఖర్చెట్లయితాదమ్మా?"

"ఆ పిల్ల రైలెక్కాలంటే అదే టికెట్టు."

కనుక్కుంటానుండమని ఆయన పెట్టేశాడు. లక్ష్మీదేవి సంగటి పెట్టింది. కాసేపటికి ఆయనే చేశాడు. సంస్థవాళ్ళు ఆగుతారట, కూలికి తానూ ఒప్పుకున్నాడు.

ఆ మాట చెప్పగానే లక్ష్మీదేవి మగ్గం ఆపింది. "ఈ చీర అయ్యేదాంక ఉండు. ఆమీట పో," అంది కూతురితో. తెగిన పోగు ముడేస్తూ, "తిరిగొచ్చినా మల్లా ఈ పక్కన మాత్రం కూచోవద్దు."

సునీత నాడె చేతిలో పట్టుకునే ఏడ్చేసింది. నాకూ దుఃఖం ఆగలేదు. లక్ష్మీదేవి పమిట చెంగు కూతురికి అందించి, "తుడుచుకోమ్మా, పట్టు మీద పడతాయి," అంది. మళ్ళీ మగ్గం మొదలైంది.

తిరుగు బస్సులో చాలాసేపు ఆ చప్పుడే వినిపించింది. ఛార్జీలు, గది అద్దె, భోజనం ఇస్తే ఎవరైనా వచ్చేస్తారని మేం నమ్మాం. ఇంతకుముందు రాలేమన్న పిల్లల్ని ఎందుకని అడగనైనా అడగలేదు. వాళ్ళ ఇళ్ళలో ఏ పని ఆగిపోతుందని వెనకడుగు వేశారో ఇప్పుడెలా తెలుస్తుంది?

ఇలాంటి సాయానికి దరఖాస్తు చేసే పిల్లలకు ఒక్క మాట. ప్రయాణం, తిండి, గది ఖర్చులు రాసి ఊరుకోకండి. మీరు లేకపోతే ఇంట్లో ఏ పని ఆగుతుందో, అది ఏ నెలల్లో ఎక్కువో కూడా రాయండి. సిగ్గుపడకండి, అడగాల్సింది మేమే.