తప్పంతా దూదిదే

మా మావయ్యకి ‘పర్వాలేదు’ అన్న మాట పడదు. తిడితే పడతాడు. మొహం మీద తలుపేస్తే నవ్వుకుంటూ వచ్చేస్తాడు. తను అమ్మిన దిండు ఎలా ఉందని అడిగినప్పుడు మాత్రం ‘పర్వాలేదండీ’ అన్నారో, ఆ పూటకి మీ పని అయినట్టే.

మావయ్యది దిండ్ల కొట్టు. ముందు గదిలో అమ్మకం, వెనక గదిలో కుట్టుపని, అటక నిండా దూది బస్తాలు. దిండు కొన్న మనిషిని ఆయన వారం రోజులు వదలడు. రోడ్డు మీద కనబడినా, కదులుతున్న బస్సు కిటికీలో కనబడినా ఒకటే కేక: “ఎలా ఉంది?” దాంతో వీధివాళ్ళు అసలు పేరు మరిచిపోయి ఆయన్ని ‘ఎలావుంది గారు’ అనడం మొదలుపెట్టారు. కొన్నాళ్ళకి ఉత్తరాలు కూడా ఆ పేరుతోనే వచ్చేవి.

ఒకసారి పోస్టాఫీసు గుమస్తా సైకిలెక్కబోతూ దొరికాడు.

“దిండు ఎలా ఉంది?”

“పర్వాలేదండీ.”

మావయ్య సైకిలు కారియర్ పట్టుకున్నాడు. “పర్వాలేదంటే? మెడకి పర్వాలేదా, తలకి పర్వాలేదా?”

“రెంటికీ పర్వాలేదు. ఆఫీసుకి టైమైపోతోంది, వదలండి బాబూ.”

“మొహమాటపడుతున్నారు. నన్ను పరాయివాణ్ణి చేసేశారు.”

గుమస్తా అటూ ఇటూ చూసి, దారి లేక, ఎడమ చెవి వేడెక్కుతోందని ఒప్పుకున్నాడు.

“అద్గదీ! ఈ ముక్క ముందే చెప్పొచ్చుగా!” అని మావయ్య అతన్ని నడిరోడ్డు మీద కావలించుకున్నాడు. ఆ చెవి కోసం అంచుల్లో దూది తగ్గించి కొత్త రకం దిండు కుట్టించాడు. అది కొట్టులో అన్నిటికంటే బాగా పోయింది. గుమస్తా మాత్రం కొనలేదు. అప్పటికే అతను వెనక సందులోంచి ఆఫీసుకి వెళ్ళడం అలవాటు చేసుకున్నాడు.

ఇంకోసారి, పెళ్ళయి నాలుగు రోజులైన జంట రెండు దిండ్లు కొనుక్కెళ్ళారు. మర్నాడు పొద్దున ఆరింటికి మావయ్య వాళ్ళ తలుపు కొట్టి, “రాత్రి నిద్ర ఎలా పట్టింది?” అని అడిగాడు. పెళ్ళికొడుకు తలుపేసుకున్నాడు. మావయ్య తన పుస్తకంలో ‘జవాబు లేదు, రేపు మళ్ళీ వెళ్ళాలి’ అని రాసుకున్నాడు. వెళ్ళాడు కూడా.

నేను ఆయన చెల్లెలి కూతుర్ని. కొట్టులో సరుకు లెక్కాపత్రం లేకుండా పోతోందని అత్తయ్య నన్ను పిలిపించింది. ఎత్తు దిండ్లు అటక మీద మూలుగుతుంటే, పల్చటివి అడిగినవాళ్ళు ఉత్తచేతులతో వెళ్ళిపోయేవాళ్ళు. నేను ఒక పెద్ద కాగితం తీసుకుని నాలుగు గళ్ళు గీశాను. ఎత్తు, మెత్తదనం, దూది, కుట్టు. మావయ్య ఫిర్యాదులు తేవాలి, నేను గళ్ళలో వెయ్యాలి. నెలాఖరుకి ఏ గడి నిండితే దాన్నిబట్టి సరుకు తెప్పించాలి. కొనేవాళ్ళ నోటినుంచి రాని వస్తువు ఒక్కటి కూడా కొట్టులోకి రాకూడదు. ఇదీ నా పద్ధతి. నాకు నా పద్ధతంటే కొంచెం గర్వం కూడా ఉండేది.

పద్ధతి పనిచేసింది. పరీక్షల ముందు పిల్లలు పుస్తకాల మీదే పడి నిద్రపోతారని తల్లులు మొత్తుకుంటే, టేబుల్ మీద పెట్టుకునే బుల్లి దిండ్లు ముందే సిద్ధం చేశాం. సెలవులకి ముందు, ప్రయాణాల్లో మెడకి పెట్టుకునేవి. అటక ఖాళీ అయింది. మావయ్య పొంగిపోయి, “చూశావా అమ్మాయ్, జనం తిట్టాలేగానీ వ్యాపారం అదే నడుస్తుంది” అన్నాడు.

చిక్కంతా నాలుగో గడి దగ్గర వచ్చింది.

మా కొట్టులో దిండు మూడు పక్కలూ మిషను మీద కుట్టి, దూది కూరాక మూతి చేత్తో కుడతారు. ఆ మూతికుట్టు వేసేది కుట్టు పిన్ని. ఆవిడ ఎవరికీ పిన్ని కాదు, అందుకని అందరికీ పిన్నే. వెనక గదిలో కిటికీ పక్కన బల్ల మీద ఇరవై ఆరేళ్ళుగా ఆవిడ కూర్చుంటోంది. ఒక్కతే మనిషి, ఆ కుట్టే ఆవిడకి తిండీ, పరువూ. కొన్నేళ్ళుగా ఆవిడకి చూపు ఆనడం లేదు. ఆ సంగతి ఆవిడకి తప్ప అందరికీ తెలుసు. ఎవరైనా కళ్ళజోడు మాట ఎత్తితే, “నా కళ్ళకేం రోగం?” అని సూది, దారం తీసుకుని అక్కడికక్కడే రుజువు చేయడానికి కూర్చునేది. ఏడోసారికి దారం ఎక్కేది. మొదటి ఆరుసార్లూ తప్పు దారానిది.

ఒకరోజు టైలరింగు నేర్పే ఆవిడ కొట్టుకొచ్చింది. చేతిలో దిండు, జుట్టు నిండా దూది. మూతి ఊడిపోయింది.

ఆవిడ వెళ్ళాక అత్తయ్య నన్ను పక్కకి పిలిచింది. “ఇదిగో, మూడు నెలలు చూస్తాను. నీ కాగితంలో కుట్టు గడిలో అయిదు పడ్డాయంటే మూతికుట్లు పక్కవీధి మిషను వాళ్ళకి ఇచ్చేస్తాను. పిన్ని మీద నాకేం కోపం లేదు. కొట్టు నడవాలి కదా.”

అంటే పిన్ని బల్ల ఉండాలో పోవాలో ఇప్పుడు నా కాగితం తేలుస్తుంది. అత్తయ్య మాటలో తప్పేమీ లేదు. నేను తలూపి, పెన్సిలు చెక్కుకున్నాను.

మొదటి నెల మావయ్య పదిహేడు ఫిర్యాదులు తెచ్చాడు. అందులో పన్నెండు దూదివి. “ఉండలు కడుతోందట.” “నలుసులున్నాయట.” “పొద్దున్నే తుమ్ములట.” కుట్టు గడి ఖాళీ. నేను దూది వ్యాపారిని మార్చాను. రెండో నెల పద్నాలుగు దూదివి. మళ్ళీ మార్చాను. మూడోనెల వ్యాపారి స్వయంగా వచ్చి, ఒక గుప్పెడు దూది నా చేతిలో పెట్టి, “అమ్మా, మా ఇంట్లో చంటిపిల్ల దీనిమీదే పడుకుంటుంది. తప్పేమిటో చెప్పండి” అన్నాడు. ఎంత చూసినా నాకూ కనపడలేదు. కానీ కాగితం కాగితమే కదా.

అత్తయ్య సంతోషించింది. నాకు మాత్రం దారం దగ్గర లెక్క కుదరలేదు. వంద దిండ్లకి ఆరు తెల్లదారం రీళ్ళు చాలు. ఆ నెల వంద దిండ్లే కుట్టాం, పదమూడు రీళ్ళు అయిపోయాయి. పిన్ని దారం తినదు. మిషను మామూలుగానే ఉంది. మిగిలింది పొద్దున్నే చంకలో సంచీతో ఊరి మీద పడే మావయ్య. ఒకరోజు ఆయన వెనకాలే వెళ్ళాను.

సంగీతం మేష్టారి అరుగు మీద దొరికాడు. ఒళ్ళో దిండు, ముక్కు చివర కళ్ళజోడు, చేతిలో సూది. దీక్షగా మూతి కుడుతున్నాడు.

“ఊడింది మూతి కదండీ, దూది అని ఎందుకు రాస్తున్నారు?” అంటున్నారు మేష్టారు.

“తెలుసండీ. మీరు మాత్రం ఎవరడిగినా దూదే అనండి. ఆవిడ చెవిన పడితే సూది కింద పెట్టేస్తుంది.”

అప్పుడు నన్ను చూశాడు. దాచడానికి దిండు పెద్దది. వేళ్ళు చూస్తే నాలుగింటికి గుడ్డపీలికలు చుట్టి ఉన్నాయి. ఇంటింటికీ తిరిగి ‘ఎలా ఉంది’ అని పీక మీద కూర్చునేది ఇందుకన్నమాట. మూతి వదులైన దిండు కొట్టుదాకా రాకముందే ఆయన దాని దగ్గరికి చేరుకుంటున్నాడు.

“ఎన్నాళ్ళనుంచి?” అన్నాను.

“నాలుగేళ్ళు.”

“ఆవిడకో కళ్ళజోడు కొనిస్తే పోయేదిగా మావయ్యా?”

“కొన్నానే. విసిరికొట్టింది. ఇదిగో, నాకు సరిపోయింది.”

“నేను అనవసరంగా ముగ్గురు వ్యాపారుల ఉసురు పోసుకున్నాను.”

“దూదికి నోరుందా అమ్మాయ్, దానికేం బాధ?” అని దారం కొరికి, దిండు పక్కన పెట్టి అన్నాడు. “కొట్టు పెట్టిన కొత్తల్లో పదిమంది కొన్నారు. తొమ్మిదిమంది పర్వాలేదన్నారు, మళ్ళీ ఒక్కడూ రాలేదు. పదోది ఈవిడ. నా దిండు తెచ్చి బల్ల మీద కొట్టి, ‘ఇది దిండా, బండా?’ అంది. అక్కడే కూర్చుని, విప్పి, మళ్ళీ కుట్టి చూపించింది. ఆవిడ తిట్టబట్టే ఈ కొట్టుంది.”

నా పద్ధతిని మూడు నెలలు మట్టి కరిపించినందుకు నాకు కోపం రావాలి. రాలేదు. నిజం చెప్పాలంటే ఆ పూట ఆయన నాకు ముద్దొచ్చాడు. కానీ ఆయన వేళ్ళు ఎన్నాళ్ళు ఆగుతాయి? సరుకు చూసేదాన్ని నేను. ఇంటికొచ్చి ఆలోచించాను.

మర్నాడు ఇరవై రీళ్ళు ఎర్రదారం తెప్పించాను, పెద్ద కన్నమున్న సూదులతో సహా.

“తెల్లదిండుకి ఎర్రదారమేమిటే?” అంది అత్తయ్య.

“కస్టమర్లు అడుగుతున్నారు అత్తయ్యా.”

“ఎంతమంది?”

“ఇరవై ముగ్గురు.” నా కాగితంలో నేను తెలిసి రాసిన మొదటి అబద్ధం అది. పక్కనే ఉన్న మావయ్య ఉన్నట్టుండి అటక మీది బస్తాలు లెక్కపెట్టడంలో పడిపోయాడు.

రీళ్ళు పట్టుకుని వెనక గదిలోకి వెళ్ళాను. పిన్ని ఒక రీలు అందుకుని, కిటికీ వైపు తిప్పి చూసి, సూదికి ఎక్కించింది. మొదటిసారికే ఎక్కింది. తెల్లగుడ్డ మీద ఎర్రటి కుట్లు ఒకదాని వెనక ఒకటి, బిగువుగా, తిన్నగా పడ్డాయి. సగం మూతి అయ్యేదాకా తలెత్తలేదు.

“ఎవరే ఈ రంగు అడిగింది?”

“కస్టమర్లు పిన్నీ. చాలామందే అడిగారు.”

పిన్ని కుట్టు ఆపకుండానే జాలిగా నిట్టూర్చింది.

“ఇంత కొట్టొచ్చినట్టు కనబడే రంగు కావాలన్నారంటే, పాపం, వాళ్ళకి చూపు ఆనట్లేదన్నమాట. కళ్ళజోడు పెట్టుకోమని మీ మావయ్యతో చెప్పించు.”

అలాగే చెప్పిస్తానన్నాను.