కరెంటు కారులో ఉతారు మాటలు

శుక్రవారం మధ్యాహ్నం కాచిగూడలో గద్వాల రైలెక్కాను. సంచిలో రెండు జతల బట్టలు, మామకు ఇష్టమని కొన్న బిస్కెట్ల పొట్లం. పని మాత్రం అత్తమ్మ చెప్పింది. "జీపు పోయినకాడికెల్లి మీ మామ మనిషిల మనిషి లేడు సుజాతా. కరెంటు కారు ఒకటి చూస్తుండు గని ధైర్యం చాలుతలేదు. నువ్వొచ్చి జర పక్కన గూసో," అని ఫోనులో అరిచింది. అత్తమ్మ ఏం మాట్లాడినా అరుపే. క్లీనర్ ఎందుకు, నేను లేనా అని మామ పక్కన కూర్చుని, ప్యాసింజర్లను కేకేసి, ఆ జీపు మోతలోనే సంసారం మాట్లాడుకున్న మనిషి ఆమె.

మామ పేరు కిష్టయ్య, మా అమ్మకు తమ్ముడు. గద్వాల నుంచి వనపర్తి మీదుగా నాగర్‌కర్నూలు దాకా ఆయన జీపు నడిచేది. వనపర్తిలో పాలిటెక్నిక్ చదివిన మూడేళ్ళూ నేను దాంట్లోనే వచ్చాను, పోయాను. బండి పాతబడింది, ఇక రోడ్డెక్కకూడదన్నారు. పోయిన వానాకాలం అది పాత ఇనుము కింద పోయింది. అప్పటినుంచి మామ గడప దాటడం లేదని అత్తమ్మ బాధ.

రైలు దిగేసరికి చీకటి పడింది. ఇంటి ముందు తెల్లటి చిన్న కారు ఉంది. గద్వాలలోనే ఒక మాస్టారు రెండేళ్ళు నడిపి, ఇంకా పెద్దది కొంటూ దీన్ని అమ్మకానికి పెట్టాడు. కొత్తదైతే మామ తాహతుకు మించేది, ఇది అందేదే. ఒకరోజు నడిపి చూసుకుని సాయంత్రానికి ఏదో ఒకటి చెప్పమన్నాడట.

"నా లైను మొత్తం తిప్పుత," అన్నాడు మామ జొన్నరొట్టె తుంచుతూ. "నాగర్‌కర్నూల్ చేరినంక చార్జింగ్ సగం మిగలాలె. మిగిలితే తీసుకుంట. లేకుంటె మళ్ళ స్టీరింగ్ ముట్ట. గంతే."

అత్తమ్మ నా వైపు చూసింది. ఆ రాత్రి ఆమె అరవని మాట అదొక్కటే.

శనివారం ఆరున్నరకు నిండు చార్జింగ్‌తో బయలుదేరాం. బస్టాండు పక్కన ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాం. రుచి నా చిన్ననాటిదే, మిరపకాయలకు మాత్రం పౌరుషం తగ్గింది. ఎర్రవల్లి చౌరస్తా దాటి బీచుపల్లి దగ్గర కృష్ణ మీదికి రాగానే మామ బండి నెమ్మది చేశాడు. జీపులో అయితే ఇక్కడ అందరూ నదిలోకి రూపాయి బిళ్ళ విసిరేవారు. మా ఇద్దరి దగ్గరా చిల్లర లేదు, ఫోన్లే ఉన్నాయి. దండం పెట్టుకుని ఊరుకున్నాం.

పెబ్బేరులో బస్సు కోసం నిలబడ్డ ఒక ముసలమ్మ మామను గుర్తుపట్టింది. "కిష్టయ్యా, జీపేదిరా?" అంటూనే వెనక సీట్లో కూర్చుంది. కొంత దూరం పోయాక, ఇంజన్ మోత వినబడక, "ఇంక బండి చాలు చేస్తలేవేంది?" అని అడిగింది.

"ఎప్పుడో చేసిన అవ్వా. పోతనే ఉన్నం."

ఆమె కిటికీలోంచి వెనక్కి పోతున్న పల్లి చేలను చూసి, నమ్మకం కుదరక నా చెయ్యి పట్టుకుంది. వనపర్తిలో దిగేదాకా వదల్లేదు.

వనపర్తిలో తొమ్మిదిన్నరకు చాయ్ తాగాం. చార్జింగ్ తరిగింది కానీ భయపడేంత కాదు. ఒకప్పుడు మా క్లాసులు జరిగిన రాజుగారి బంగ్లా వైపు ఒకసారి చూసి వచ్చాను. నేను ఆ చదువు చదవగలిగానంటే ఈ రోడ్డు మీది ఒక వాలే కారణం, అది చెప్పాలి.

వాలును మా వైపు ఉతారు అంటారు. గోపాల్‌పేట దారిలో ఒక పొడుగాటి ఉతారు ఉంది. అది రాగానే మామ గేరు న్యూట్రల్ కొట్టి, డీజిల్ మిగులుతుందని ఇంజన్ కూడా ఆపేసేవాడు. ఇప్పుడు తలుచుకుంటే గుండె జారుతుంది గానీ ఆ రోజుల్లో పాలమూరు డ్రైవర్లు అందరూ అంతే. ఇంజన్ ఆగితే జీపులో ఒక్కసారిగా నిశ్శబ్దం. అప్పటిదాకా మోతలో ఎవరి మాటా ఎవరికీ వినబడేది కాదు కాబట్టి అందరూ దాచుకున్న మాటలన్నీ అక్కడే చెప్పుకునేవారు. ఎవరింట్లో పెళ్ళి, ఎవరి బోరు ఎండింది, అన్నీ ఉతారులోనే. మొదటి ఏడాది కాగానే మా నాయన నా చదువు మాన్పించాలనుకున్నాడు. మామ ఆయనను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని, ఆ ఉతారు దాకా ఆగి, ఇంజన్ ఆపి, "బావా, పిల్లను చదివియ్యి," అన్నాడు. జీపు నిండా జనం విన్నారు. అంతమంది ముందు నాయన కాదనలేకపోయాడు.

ఆ ఉతారు మళ్ళీ వచ్చింది. మామ గుండ్రటి మీట తిప్పి బండిని న్యూట్రల్‌లో పెట్టాడు. పొద్దుటినుంచీ ప్రతి వాలులోనూ అదే చేస్తున్నాడు. "చూసినవా, పైస ఖర్చు లేకుండ పోతున్నం," అని మురిసిపోయాడు. నేనూ మురిసిపోయాను.

పదకొండు దాటాక నాగర్‌కర్నూలు చేరాం. ఊరి మొదట్లో హోటల్ పక్కన చార్జింగ్ దగ్గర ఆపి మామ ముందున్న తెర మీది చార్జింగ్ అంకె చూశాడు. సగం లేదు. కొంచెమే తక్కువ, కానీ తక్కువే. ఆయన స్టీరింగ్ మీదినుంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "అయిపాయె బిడ్డా," అన్నాడు. ఆ చేతులు చూసి నాకు ఏడుపొచ్చింది.

పక్కన తన కరెంటు కారుకు తీగ తగిలిస్తున్న ఒకావిడ మా మొహాలు చూసి వచ్చింది, పేరు నర్సమ్మట. సంగతి చెప్పాను. ఆమె నేరుగా మామనే అడిగింది.

"పెద్దాయినా, ఉతారుల న్యూట్రల్ కొడుతున్నరా?"

"కొడ్తనమ్మా. ఎప్పటి అలవాటు."

ఆమె నవ్వింది. "మా ఇంటాయన గూడ గట్లనే కొట్టిండు. మన దిక్కు డ్రైవర్లందరికీ ఉన్న రోగమే. గీ బండికి ఉతారే మేత. గేర్ల ఉంచి కాలు తీస్తే తిరిగే చక్రమే బ్యాటరీ నింపుతది. న్యూట్రల్ కొడితే నోటికాడి కూడు గుంజుకున్నట్టే."

మామ దిగి కారు ముందుకు వచ్చాడు. "పొద్దటికెల్లి దీన్ని పస్తులు పండబెట్టిననా!" అని, బోనెట్ మీద చెయ్యి వేసి నిమిరాడు.

బండి నిండేలోపు హోటల్లో భోజనం చేశాం. పప్పు బాగుంది, పెరుగు పులిసింది. నర్సమ్మ తమ్ముడు కరెంటుతోనూ పెట్రోలుతోనూ నడిచే కారు చవకగా వస్తుందేమోనని చూస్తున్నాడట. "రెండు పడవల మీద కాళ్ళెందుకు?" అన్నాడు మామ. పొద్దుటినుంచి ధైర్యం లేని మనిషి అన్న మాట ఇది!

తిరుగు దారిలో ప్రతి ఉతారులోనూ ఆయన చెయ్యి మీట దాకా పోయి వెనక్కి వచ్చేది. గోపాల్‌పేట ఉతారు ఇప్పుడు ఎక్కుడైంది; అది ఎక్కి అవతలి వాలు దిగేటప్పుడు ఆ చేతిని తొడ కింద పెట్టుకున్నాడు. అంకె తగ్గలేదు సరికదా, ఒకటి పెరిగింది. ఇద్దరం చిన్నపిల్లల్లా కేక పెట్టాం. మీలో ఎవరైనా ఈ దారిన కరెంటు కారులో వస్తే ఆ ఒక్క అలవాటు ఇంట్లో వదిలి రండి. కృష్ణ మీద ఆగడానికి చిల్లర మాత్రం తెచ్చుకోండి.

ఐదున్నరకు గద్వాల చేరాం. సగానికి పైనే మిగిలింది. నా రైలు వేళ అవుతోందని మామ అత్తమ్మను కూడా ఎక్కించుకున్నాడు. ఆమె అలవాటుగా ముందు సీట్లోనే కూర్చుంది. బండి కదలగానే, జీపులో లాగే, రోడ్డు మీది వాళ్ళు తిరిగి చూసేటట్టు అరిచింది: "తీసుకుంటున్నవా, లేదా?"

"తీసుకుంటున్న," అన్నాడు మామ. "మెల్లగ అడగవే. గీ బండిల దారి పొడుగునా ఉతారే."

అత్తమ్మ నోరు తెరిచింది, మూసింది. స్టేషన్ మలుపు దగ్గర ఆయన వైపు వంగి ఏదో చెప్పింది. వెనక సీట్లో ఉన్న నాకు వినబడలేదు. ఆమె మాట నాకు వినబడకపోవడం అదే మొదటిసారి.